అకౌస్టిక్ గిటార్ బ్రిడ్జ్ లేచిపోతోంది, వెనక అంచు కింద విజిటింగ్ కార్డ్ దూరుతోంది, ఏ గమ్ వాడాలి? సూపర్ గ్లూ వేస్తే సరిపోతుందా?

మీరు తీగలు టైట్ గానే ఉంచి ఈ ప్రశ్న టైప్ చేసి ఉంటే ముందెళ్లి వాటిని లూజ్ చేసి రండి, మిగతాది తర్వాత చదవచ్చు. బ్రిడ్జ్ (తీగల చివర్లు పట్టుకునే, గిటార్ పైచెక్కకి అంటించిన చెక్కముక్క) వెనక అంచు కింద విజిటింగ్ కార్డ్ దూరుతోంది అన్నారు కదా. మామూలు 12 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) స్టీల్ తీగలు ఆరూ కలిపి ట్యూన్ లో ఉంటే 70 కేజీల పైనే లాగుతాయి, ఆ లాగుడంతా ఇప్పుడు మిగిలిన ఆ కాస్త అతుకు మీదే పడుతోంది.

సూపర్ గ్లూ అన్నారు కాబట్టి నేను చేసిన వెధవపని చెప్తా. మే నెలలో పెళ్లికని విజయవాడ నుంచి గుంటూరు కార్లో వెళ్లాం, గిటార్ డిక్కీలో పడేశా, మండపం బయట మధ్యాహ్నమంతా కారు ఎండలోనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే బ్రిడ్జ్ వెనకాల వెంట్రుకంత గ్యాప్. వేడికి లోపలి గమ్ మెత్తబడింది, తీగలేమో లాగుతూనే ఉన్నాయి, ఇంకేం కావాలి. నేను కొట్లో సూపర్ గ్లూ ట్యూబ్ కొనుక్కొచ్చి గ్యాప్ లోకి మొత్తం పిండేసి, చేత్తో ఐదు నిమిషాలు నొక్కి పట్టుకుని, ఆ సాయంత్రమే ట్యూన్ చేసి వాయించేశా. పదకొండు రోజులు బానే ఉంది, ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నా. పన్నెండో రోజు రాత్రి హాల్లో ఠప్పుమని సౌండ్, పిల్లి ఏదో పడేసిందనుకున్నాం, లైటేసి చూస్తే బ్రిడ్జ్ పైకి లేచి వంకరగా నిలబడి ఉంది, దాంతోపాటు పైచెక్క పీచు కూడా నాలుగైదు చోట్ల ఊడొచ్చింది.

ఆ గ్లూ గట్టిపడ్డాక గాజులా పెళుసుగా ఉంటుందండీ, రోజంతా ఒకే వైపు లాగి లేపే బలానికి ఆగదు. అది కూడా ఓకే, అసలు తలనొప్పి ఏంటంటే నీళ్లలా పల్చగా ఉండి చెక్కలోకి ఇంకిపోతుంది, ఆ తర్వాత దాని మీద ఎంత మంచి వుడ్ గ్లూ పూసినా లోపలికి దిగదు. అసిటోన్ తో కరుగుతుంది కానీ గిటార్ పాలిష్ ని కూడా తినేస్తుంది. నట్ (మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) ఊడినా, పాలిష్ పెచ్చు లేచినా ఒక చుక్క వాడండి, తప్పులేదు. బ్రిడ్జ్ దగ్గరకి మాత్రం రానివ్వకండి.

మా వీధి చివర పాత ఫర్నిచర్ బాగుచేసే కార్పెంటర్ బాబాయ్ దగ్గరకి పట్టుకెళ్తే చూసి, "ఏం పూశావురా దీనికి, ఇదంతా గీకితే గానీ ఏదీ అంటుకోదు" అన్నాడు. వాళ్ల రోజుల్లో సరేసు వాడేవాళ్లంట, అదే పశువుల తోళ్లు ఎముకలు ఉడకబెట్టి తీసే గమ్, నానబెట్టి వేడి నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. వయొలిన్ చేసేవాళ్లు ఇప్పటికీ అదే వాడతారు, ఎందుకంటే వేడి, తేమ తగిలిస్తే అతుకు వదులుతుంది, మళ్లీ రిపేర్ చేసుకోవచ్చు. మన ఇంట్లో అంత తతంగం అవసరం లేదు. పసుపు రంగు వుడ్ గ్లూ చాలు, నేను వాడింది టైట్‌బాండ్ ఒరిజినల్, ఎర్ర లేబుల్ ది, ఆన్‌లైన్ లో దొరికింది. నీలం, ఆకుపచ్చ లేబుళ్లవి తడి తగిలే పనులకి, ఇక్కడ వద్దు. మామూలు తెల్ల గమ్ కూడా పట్టుకుంటుంది కానీ ఆగకుండా లాగుడు ఉంటే, అందులోనూ మన ఎండలకి, కొంచెం కొంచెంగా జారుతుంది. ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే గమ్) జోలికి చెక్కే లేకుండా పోయినచోట తప్ప వెళ్లకండి, మళ్లీ ఊడదీయాల్సి వస్తే నరకం.

ఇంక పని. గ్యాప్ లోకి గమ్ తోయడం కాదు, బ్రిడ్జ్ మొత్తం ఊడదీయాల్సిందే, పాత గమ్ మీద కొత్త గమ్ నిలవదు. చుట్టూ పైచెక్కకి అట్టముక్క, దానిమీద అల్యూమినియం ఫాయిల్ వేసి, బ్రిడ్జ్ మీద ఇస్త్రీపెట్టె కాసేపు కాసేపు ఆనించి, పల్చటి కత్తిని వెనక నుంచి మెల్లగా దూర్చుకుంటూ పోవాలి. తొందరపడితే చెక్క చీలుతుంది. నాది తీశాక తెలిసిందేంటంటే అంచుల చుట్టూ అర సెంటీమీటరు వెడల్పున అసలు చెక్కకి అంటించనే లేదు, పాలిష్ మీదే అంటించారు, చవక గిటార్లలో ఇది మామూలేనంట. అదంతా బ్లేడ్ తో గీకి, సూపర్ గ్లూ మరకలూ గీకి (దీనికే రెండు సాయంత్రాలు పట్టింది), రెండువైపులా పచ్చి చెక్క కనపడేదాకా తెచ్చాం. పైచెక్క కొంచెం ఉబ్బి ఉంటుంది కదా, అందుకని అక్కడ సాండ్ పేపర్ గరుకువైపు పైకి ఉండేలా పెట్టి బ్రిడ్జ్ ని దానిమీద రుద్దితే అడుగుభాగం ఆ వంపుకే అరుగుతుంది. గమ్ లేకుండా పెట్టి చూడండి, ఎక్కడా వెలుతురు కనపడకూడదు.

క్లాంప్ (గమ్ ఆరేదాకా బిగించి పట్టే పనిముట్టు) దగ్గర నేను మళ్లీ ఇరుక్కున్నా. మామూలు చిన్న సి క్లాంప్ సౌండ్‌హోల్ లోంచి బ్రిడ్జ్ దాకా అందదు, ఐదారు అంగుళాల లోతు ఉన్నది కావాలి. లోపల వైపు ఒక చదును చెక్కముక్కకి ప్లాస్టిక్ కవర్ చుట్టి పెట్టాలి, బ్రేసుల (పైచెక్క లోపల అంటించిన ఆసరా కడ్డీలు) మీద నొక్కకుండా చూసుకోండి. గమ్ పల్చగా, మొత్తం పరుచుకునేలా రాసి, తీగలు బిగించే పిన్నుల కన్నాల్లో చివరి రెండింట్లో మైనం రాసిన పిన్నులు పెట్టుకుంటే బిగించేటప్పుడు బ్రిడ్జ్ పక్కకి జారదు. చుట్టూ చిన్న చిన్న పూసల్లా గమ్ బయటికొస్తే సరిగ్గా పడినట్టు, తడిగుడ్డతో తుడిచేయండి. డబ్బా మీద అరగంట క్లాంప్ చాలని ఉంటుంది, నేను 24 గంటలు ఉంచి, ఆ తర్వాత ఇంకో రోజు ఆగి తీగలు కట్టా. ఇప్పుడు 11 గేజ్ వే వాడుతున్నా, లాగుడు తక్కువ. నాలుగు వేసవులు గడిచాయి, కార్డ్ కాదు కదా టిష్యూ పేపర్ కూడా దూరట్లేదు.

ఇంకోటి మర్చిపోయా, మీ బ్రిడ్జ్ మీద తెల్లటి చుక్కల్లాంటివి రెండు ఉంటే వాటి కింద బోల్టులు ఉండొచ్చు, అవి విప్పకుండా కత్తి దూర్చారో పైచెక్క పోతుంది. నాదాంట్లో లేవు కాబట్టి ఇందాక గుర్తురాలేదు. ఉన్నాయో లేవో ఒక ఫొటో పెట్టండి.