సింఫనీని ‘స్వరపరిచాడా’, ‘రచించాడా’?

సందేహం: ‘అమెరికన్ సంగీతకర్త ఆరన్ కోప్లండ్ 1946లో తన మూడవ సింఫనీని స్వరపరిచాడు’ అని ఒక వ్యాసంలో చదివాను. సింఫనీలో, అంటే వాద్యబృందం వాయించే పెద్ద సంగీతకృతిలో, సాధారణంగా సాహిత్యం ఉండదు గదా, ఆ మాట సాధువేనా? ‘రచించాడు’ అంటే గ్రంథమేదో రాశాడన్న అర్థం రాదా?

సమాధానం: మీ అనుమానం సహేతుకమైనదే. అప్పటికే ఉన్న మాటలకు స్వరాలు అమర్చడమే స్వరపరచడమన్నది వాడుకలో స్థిరపడిన అర్థం. అన్నమయ్య సంకీర్తనల పాత బాణీలు నిలవనందువల్ల వాటిలో కొన్నింటిని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ స్వరపరిచారంటాం. మాతువూ (సాహిత్యం) ధాతువూ (సంగీతం) రెండూ తనవే అయిన త్యాగయ్యను మాత్రం కృతులు రచించాడంటాం. అర్థమున్న మాటలు అంతంతమాత్రంగా ఉండే తిల్లానాలను సైతం రచించారనే అంటాం కాబట్టి, ఆ క్రియ గ్రంథాలకే పరిమితమన్న శంక అక్కరలేదు.

ఇక కోప్లండ్ సింఫనీ స్వభావం చూస్తే ‘రచించాడు’ అనడమే ఎందుకు తగునో ఇంకా బాగా తెలుస్తుంది. 1944లో మెక్సికోలో మొదలైన ఈ రచన 1946 అక్టోబరు 18న సెర్జ్ కుసెవిట్‌స్కీ నిర్వహణలో బాస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా ద్వారా తొలిసారి వినిపించింది. నాలుగు భాగాలు, సుమారు 40 నిమిషాలు. మూడవ భాగం వయొలిన్ల తారస్థాయిలో పలచగా మొదలై, చివరికి విరామం లేకుండానే నాలుగవదానిలో కలిసిపోతుంది. అక్కడ వినిపించేది, 1942లో ట్రంపెట్, ట్రాంబోన్ వంటి ఇత్తడి వాద్యాలకు, తాళవాద్యాలకు ఆయనే రాసిన ‘ఫ్యాన్‌ఫేర్ ఫర్ ద కామన్ మ్యాన్’ (ఫ్యాన్‌ఫేర్ అంటే ఆర్భాటంగా మోగే చిన్న వాద్యసంగీతం). షడ్జమం నుంచి మధ్యమానికో పంచమానికో ఒక్కసారిగా దాటే పెద్ద అంగలు దాని గుర్తు. అయితే సింఫనీలో దానిని ముందు వేణువులు, క్లారినెట్లు మెల్లగా పలుకుతాయి. ఆ తరవాతే ఇత్తడి వాద్యాలు ఒక్కుమ్మడిగా అందుకుంటాయి. వరుస అదే అయినా, వాద్యం మారగానే ఏకాంతంలో అనుకున్న మాట బహిరంగ ప్రకటనగా మారినట్లుంటుంది. ఏ స్వరాన్ని ఏ వాద్యం, ఎంత బలంతో, ఏ వాద్యాలతో కలిసి పలకాలో నిర్ణయించడం కూడా ఇక్కడ సంగీతకర్త సృష్టిలో భాగమే. ‘స్వరపరిచాడు’ అన్న క్రియకు ఇంత పని అప్పగించడం న్యాయం కాదని నా అభిప్రాయం. పాత ఫ్యాన్‌ఫేర్‌ను ఇందులో ‘పొదిగాడు’ అంటే మాత్రం చక్కగా ఒదుగుతుంది.

కోప్లండ్ విషయంలో ‘స్వరపరిచాడు’ అనే అవకాశమే లేదని కాదు. ఎమిలీ డికిన్సన్ కవితలు పన్నెండింటిని గాత్రానికీ పియానోకూ అనువుగా మలచే పనిని ఆయన 1950లో పూర్తిచేశాడు. అక్కడ మాటలు కవయిత్రివి, స్వరాలు ఆయనవి; కాబట్టి ఆ కవితలను స్వరపరిచాడనడం నిర్దుష్టం. ‘ది హెయిరెస్’ వంటి చలనచిత్రాలకైతే, మన పత్రికలకు అలవాటైన ‘సంగీతం సమకూర్చాడు’ అన్న పదబంధమే సరిపోతుంది.