కొత్త ఫోను కొనేముందు చేతిలో ఉన్నదాన్ని చూడు

చి. శ్రావణికి,

పిన్ని ఆశీస్సులు.

ఐఫోన్ 17 కొనెయ్యనా అని అడిగావు. నీ దగ్గరున్నది ఐఫోన్ 13. దాని మీద నువ్వు చెప్పిన ఫిర్యాదులు మూడు: సాయంత్రానికల్లా ఛార్జింగ్ అయిపోతోంది, ఒక్కోసారి మొరాయిస్తోంది, స్టోరేజ్ నిండిందని మాటిమాటికీ చెబుతోంది. కొత్త ఫోను కొంటే తప్ప తీరనిది ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. 2025లో 17 వచ్చినప్పుడు పెట్టిన ధర 82,900 రూపాయలు, దాని సంగతి కాసేపు పక్కన పెట్టు.

ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ తెరువు. ‘మ్యాగ్జిమమ్ కెపాసిటీ’ అని ఒక శాతం చూపిస్తుంది. ఐఫోన్ 14 దాకా వచ్చిన మోడళ్లలో బ్యాటరీ 500 ఛార్జ్ సైకిళ్లు తిరిగాక కూడా 80 శాతం సామర్థ్యంతో ఉండేలా చేశామని యాపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1000కి పెరిగింది. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. రోజూ పొద్దున వంద శాతంతో మొదలుపెట్టి రాత్రికి ఖాళీ చేసేవాళ్లకు 500 సైకిళ్లు ఏడాదిన్నర దాటకుండానే అయిపోతాయి. ఐఫోన్ 13 వచ్చింది 2021 సెప్టెంబరులో, కాబట్టి నీ బ్యాటరీ 80కి దిగువన ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. బ్యాటరీ పాతబడితే ఛార్జింగ్ తక్కువ సేపు నిలవడమొక్కటే కాదు, దాని లోపలి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, కూడా పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, మ్యాప్స్ నడుస్తుండగా కాల్ వచ్చినప్పుడో ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతుంది. అది అందకపోతే 20 శాతం చూపిస్తూనే ఫోను ఆరిపోతుంది. అలా ఒకసారి ఆరిపోయిందంటే, మళ్లీ ఆరిపోకుండా ఐఓఎస్ (ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది. బ్యాటరీ హెల్త్ పేజీలోనే ఆ సంగతి రాసి ఉంటుంది, చదువు. రాసి ఉంటే నీ మొదటి రెండు ఫిర్యాదులకూ కారణం ఒకటే. బ్యాటరీ మారిస్తే రెండూ పోతాయి. శాతం 85కి పైన ఉండి కూడా సాయంత్రానికి అయిపోతుంటే మాత్రం తప్పు బ్యాటరీది కాదు. అదే బ్యాటరీ పేజీలో ఏ యాప్ ఎంత తింటోందో ఉంటుంది, అది చూడు. పెద్ద అప్‌డేట్ పడిన మొదటి రెండు మూడు రోజులు ఫోను లోలోపల ఫొటోలనూ ఫైళ్లనూ మళ్లీ సర్దుకుంటుంది కనుక వేడెక్కడం, ఛార్జింగ్ త్వరగా దిగడం మామూలే. ఆ రోజుల్లో ఏ నిర్ణయమూ తీసుకోకు.

మార్పించేది యాపిల్ అధీకృత సర్వీసు సెంటర్లోనే. వాళ్ల సపోర్ట్ సైట్‌లో మోడల్ కొడితే అంచనా ధర ముందే తెలుస్తుంది, కొత్త ఫోను ధర ముందు అది ఏ మూలకీ రాదు. బయట షాపులో సగం ధరకి వేసే బ్యాటరీతో వచ్చే చిక్కు ఏమిటంటే, సెట్టింగ్స్‌లో ‘అన్‌నోన్ పార్ట్’ అని పడుతుంది, రేపు ఎక్స్ఛేంజిలో దానికి కోత పెడతారు. ఇంకొక్క మాట: స్క్రీను ఒక పక్క కొద్దిగా పైకి లేచి, అంచున సందు కనిపిస్తోందా? బ్యాటరీ ఉబ్బిందన్నమాట. నొక్కి సరిచెయ్యాలని చూడకు, ఛార్జింగ్ పెట్టకు, దిండు పక్కన అసలే పెట్టుకోకు. స్విచాఫ్ చేసి తిన్నగా సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లు.

ఛార్జింగ్ సరిగ్గా ఎక్కకపోవడం కూడా ఉంటే, కేబుల్ గుచ్చే రంధ్రంలో టార్చి వేసి చూడు. జేబులోని, హ్యాండ్‌బ్యాగ్‌లోని నూలుపోగులు అడుగున పేరుకుని బూడిదరంగు ఉండలా గట్టిపడి ఉంటాయి. కేబుల్ పూర్తిగా దిగక, కదిలిస్తే ఎక్కుతూ వదిలేస్తే ఆగిపోతూ ఉంటుంది. ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో అడుగు నుంచి మెల్లగా లాగు. పిన్నీసు మాత్రం పెట్టకు, లోపలి కాంటాక్టులు గీసుకుపోతాయి.

స్టోరేజ్ సంగతి. సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్. మన ఇళ్లలో అయితే అక్కడ పైన కూర్చునేది వాట్సాప్. బంధువుల గ్రూపుల గుడ్ మార్నింగ్‌లు, పెళ్లి వీడియోలు, ఒకే వీడియో నాలుగు గ్రూపుల్లో నాలుగుసార్లు. వాట్సాప్‌లోనే ‘మేనేజ్ స్టోరేజ్’లోకి వెళ్తే 5 ఎంబీకి మించినవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. కావలసినవి ఉంచుకుని తక్కినవి తీసెయ్. ఫొటోల్లోంచి తీసేసినవి ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజుల దాకా అలాగే కూర్చుంటాయి, అక్కడ కూడా ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది. 128 జీబీలో ఎప్పుడూ ఓ 15 జీబీ ఖాళీగా ఉండనివ్వు. అంచుదాకా నిండితే అప్‌డేట్లు పడవు, కెమెరా తడబడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా కొనాలనిపిస్తే, ఆ కోరిక తప్పేం కాదు. ఏం వస్తుందో, ఏం రాదో తెలుసుకుని కొను. 13 నుంచి 17కి వెళ్తే కంటికి మొదట తెలిసేది స్క్రీను: 60 హెర్ట్జ్ నుంచి 120 హెర్ట్జ్, అంటే తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారేది 120 సార్లు మారుతుంది. పైకి తోస్తున్నప్పుడు అక్షరాలు చెదరకుండా కదులుతాయి, ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మెయిన్ కెమెరా 12 మెగాపిక్సెళ్ల నుంచి 48కి పెరుగుతుంది. స్టోరేజ్ 256 జీబీతో మొదలు. నీ 13కి ఉన్న లైట్నింగ్ ఛార్జింగ్ పోర్టు పోయి యూఎస్‌బీ-సి వస్తుంది, ఇంట్లో అందరి ఛార్జరూ పనికొస్తుంది. 5జీ కోసమైతే కొననక్కర్లేదు, 13లో అది ఉంది. యాపిల్ ఇంటెలిజెన్స్ (యాపిల్ ఇచ్చే ఏఐ సదుపాయాలు) 13లో రాదు, నిజమే, కానీ 2025లో ఐఓఎస్ 26తో ఇచ్చిన దాని భాషల్లో తెలుగు లేదు. మీ అమ్మతో తెలుగులో చాట్ చేసే నీకు అది ఎంతవరకు అక్కరకొస్తుందో నువ్వే ఆలోచించు. పాత ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోతాయన్న భయం కూడా ఇప్పుడప్పుడే వద్దు. ఐఓఎస్ 26ని ఐఫోన్ 11కి కూడా ఇచ్చారు, నీది దానికంటే రెండు తరాలు కొత్తది.

2025 సెప్టెంబరులో 17ని ప్రకటించిన రోజే 16 ధర 79,900 నుంచి 69,900కి తగ్గించారు. ఏటా సెప్టెంబరులో జరిగే తంతే ఇది. పదివేలు తగ్గిందని దాని వైపు చూడకు. 16లో స్క్రీను నీ 13లో ఉన్న 60 హెర్ట్జే, స్టోరేజ్ 128 జీబీయే. అంటే నిన్ను ఇప్పుడు ఇబ్బంది పెడుతున్న స్టోరేజ్ గొడవ అలాగే వెంట వస్తుంది. కొంటే 17 కొను, లేకపోతే బ్యాటరీ మార్చి ఇంకో ఏడాది ఆగు. మధ్యదారి ఇక్కడ లాభం లేనిది.

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకుందాం అంటావేమో. అక్కడ 17 వచ్చినప్పుడు ధర 799 డాలర్లు, దానిపైన వాళ్ల రాష్ట్రం పన్ను. అమెరికాలో, దుబాయ్‌లో అమ్మే 17లో సిమ్ పెట్టే ట్రేనే ఉండదు, ఫోన్లోనే ఇమిడి ఉండి బయటికి తీయడానికి వీల్లేని ఈసిమ్ ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈసిమ్ ఇస్తాయి, అక్కడివరకు ఫరవాలేదు. కానీ మామూలు సిమ్‌ని ఈసిమ్‌గా మార్చినప్పుడు 24 గంటల పాటు ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు ఆపుతారు, ఓటీపీలు రావు. ఫోను కింద పడి పగిలిన రోజున సిమ్ తీసి పక్కన ఉన్న పాత ఫోన్లో వేసుకునే వీలూ ఉండదు. ఇండియాలో అమ్మే 17లో మామూలు సిమ్, ఈసిమ్ రెండూ ఉన్నాయి.

‘నో కాస్ట్ ఈఎమ్ఐ’ పూర్తిగా ఉచితం కాదు. బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ మేరకు ముందే ధర తగ్గించి చూపిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం నీదే. వడ్డీ 3,800 అయితే 684 రూపాయలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పెద్ద మొత్తం కాదులే, కానీ మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు కార్డు మీద ఎక్కువ తగ్గింపు ఉందేమో అదే పేజీలో చూసి తేల్చుకో.

ఎక్స్ఛేంజి దగ్గరే అసలు కంగారు పడతారు. ఇంటికొచ్చే మనిషి కొత్తది ఇచ్చి పాతది వెంటనే పట్టుకుపోతాడు, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి డేటా మార్చుకునే వ్యవధి ఉండదు. అందుకని రెండు రోజుల ముందే సెట్టింగ్స్, జనరల్, ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐఫోన్’లో ‘గెట్ స్టార్టెడ్’ నొక్కు. కొత్త ఐఫోన్‌కి మారేవాళ్లకు బ్యాకప్ కోసం ఐక్లౌడ్‌లో తాత్కాలికంగా 21 రోజులు ఉచితంగా చోటిస్తారు. నీ ఐక్లౌడ్ 5 జీబీయే అని వెనకాడనక్కర్లేదు. వాట్సాప్ బ్యాకప్ ఆ ముందురోజు రాత్రి విడిగా తీసుకో.

ఫైండ్ మై (పోయిన ఫోన్‌ని వెతికే సదుపాయం) ఆపి, యాపిల్ అకౌంట్ నుంచి సైనవుట్ అయితేనే పాత ఫోను తీసుకుంటారు. ‘స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్’ ఆన్‌లో ఉందేమో చూసుకో. ఉంటే, ఇల్లు, ఆఫీసు లాంటి అలవాటైన చోటు కాకుండా షాపులో నిలబడి సైనవుట్ అవబోతే గంటసేపు ఆగమంటుంది. షాపులో ఎక్స్ఛేంజి చేసేటట్టయితే దాన్ని ఇంట్లోనే ఆపేసి బయల్దేరు.

యూపీఐ యాప్‌లు బ్యాకప్‌తో రావు. సిమ్ కొత్త ఫోన్లో వేసి, యాప్ తెరిచి, అది ఎస్సెమ్మెస్ పంపి నంబరు సరిచూసుకున్నాకే పనిచేస్తుంది. ఎస్సెమ్మెస్ పోవడానికి బ్యాలెన్స్ ఉందో లేదో చూసుకో. కొత్త ఫోన్లో మొదట్లో పంపే మొత్తానికి పరిమితి పెట్టవచ్చు, అద్దె కట్టే రోజున మాత్రం ఫోను మార్చకు. ఆఫీసు లాగిన్‌కి కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ వాడుతున్నావు కదా, దాని ఖాతాలు కొత్త ఫోన్లో కనిపించాయని రూఢి అయ్యేవరకు పాతది చెరపొద్దు. ఆ ఒక్క కారణానికైనా, ఎక్స్ఛేంజికి మంచి ధర రాకపోతే ఇవ్వనే ఇవ్వకు. కొత్త బ్యాటరీ వేసిన 13 మీ అమ్మకి హాయిగా సరిపోతుంది, తన ఫోన్లో వీడియో కాల్ మధ్యలో ఆగిపోతోందని నాతో చెబుతూనే ఉంది.

ఇట్లు,
మీ పిన్ని