చీమల బారు చూశారా? పెరటి తోట ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా డాబా మీద కుండీల్లో నాలుగు మందార మొక్కలున్నాయి. రెండు నెలలుగా కొమ్మల చివర దూదిలాంటి తెల్లని పదార్థం పేరుకుంటోంది. మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. కింది ఆకులు మసి పట్టినట్టు నల్లబడ్డాయి. దుకాణంలో ఇచ్చిన పురుగుమందు మూడుసార్లు కొట్టాను. ప్రతిసారీ పది రోజులు తగ్గి, మునుపటికంటే ఎక్కువగా వస్తోంది. మొక్కలు తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: తీసివేయవలసిన అవసరం లేదు. మీ మొక్కలకు పట్టినది పిండినల్లి. ఆ తెల్లని దూది కింద మైనపు పొడి కప్పుకున్న మెత్తని పురుగులుంటాయి. అవి కొమ్మలోని రసాన్ని పీల్చి, తమకు మిగులుగా ఉన్న చక్కెరను తేనెలాంటి జిగురుగా విసర్జిస్తాయి. ఆ జిగురు కింది ఆకుల మీద పడి, దానిపై బూజు పెరగడం వల్లనే మీకు మసి కనిపిస్తోంది. కనుక మసికి వేరే మందు వెతకనక్కరలేదు. నల్లి పోయాక తడిగుడ్డతో తుడిస్తే ఆకు శుభ్రపడుతుంది.

మీ ఉత్తరంలో లేని ఒక విషయాన్ని వెంటనే గమనించవలసిందిగా కోరుతున్నాను. ఆ కొమ్మల మీదుగా చీమల బారు పోతోందా? పిండినల్లి ఉన్న చోట చాలావరకు చీమలు కూడా ఉంటాయి. జిగురు కోసం వచ్చే చీమలు, మనం పశువులను కాచుకున్నట్టు, ఆ నల్లిని కాస్తాయి. దానిని తినడానికి వచ్చే పురుగులను తరిమివేస్తాయి. చీమలను ఆపకుండా నల్లికి ఎంత మందు కొట్టినా అది సగం పనే అవుతుంది.

మందు కొట్టిన ప్రతిసారీ నల్లి పెరగడానికి మరో కారణం కూడా ఉంది. ఒక్కొక్క దూది సంచిలో వందల గుడ్లుంటాయి. పెద్ద పురుగుల ఒంటి మీది మైనం మందును అంటనివ్వదు, గుడ్లకు సంచి రక్షణగా ఉంటుంది. ఇక ఆ మందుకు నిజంగా బలయ్యేది నల్లిని తినే అక్షింతల పురుగులే. పిండినల్లిని ఇష్టంగా తినే ఒక అక్షింతల పురుగు పిల్లలు కూడా తెల్లని మైనపు కుచ్చులతో అచ్చం నల్లిలాగే ఉంటాయి. నల్లికంటే పెద్దవిగా ఉండి, చురుకుగా పరుగెత్తేవి కనిపిస్తే దయచేసి వాటిని నలపవద్దు. పెరట్లో మీకున్న మేలైన సహాయం అదే.

ముందుగా, బాగా పట్టిన కొమ్మల చివరలను కత్తిరించి సంచిలో కట్టి పారవేయండి, కంపోస్టులో వేయకండి. మిగిలిన మొక్కను, ముఖ్యంగా ఆకుల అడుగు భాగాన్ని, పైపుతో నీటిధార గట్టిగా కొట్టి కడగండి. తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలిసేందుకు కొద్దిగా కుంకుడు రసం లేదా ద్రవ సబ్బు వేసి, బాగా గిలకొట్టి, సాయంత్రం ఎండ తగ్గాక చల్లండి. ఎండకు వేప గుణం త్వరగా తగ్గిపోతుంది. పైగా మిట్టమధ్యాహ్నం నూనె పడితే ఆకు మాడుతుంది. గుడ్ల నుంచి కొత్తగా వచ్చే పిల్లలకు ఇంకా మైనం పట్టదు కాబట్టి, వారానికొకసారి చొప్పున కనీసం మూడు వారాలు వదలకుండా చల్లితే ప్రతి విడతా దొరుకుతుంది. చాలామంది మొదటిసారి చల్లి, ఫలితం కనిపించలేదని ఆపివేయడం నాకు బాధ కలిగిస్తుంది. చీమల కోసం గోడకు తగిలే కొమ్మలను కత్తిరించి, కాండం చుట్టూ కాగితం పట్టీ కట్టి దాని మీద గ్రీజు పూయండి. గ్రీజును నేరుగా బెరడు మీద పూయరాదు.

ప్రశ్న: మాది పాత ఇల్లు. ప్రహరీ వెంట పందికొక్కులు కన్నాలు తవ్వి, చేమదుంపలు, చిలగడదుంపలు మిగల్చడం లేదు. ఎలుకల మందు పెట్టమని అందరూ చెబుతున్నారు. ఇంట్లో చిన్నపిల్లలు, ఒక కుక్క ఉన్నారు.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: పిల్లలు, కుక్క ఉన్న ఇంట్లో మందు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. జింకు ఫాస్ఫైడు కడుపులో విషవాయువుగా మారుతుంది, దానికి విరుగుడు లేదు. పళ్లపొడి పేస్టులా కనిపించే పసుపు భాస్వరం మందు మనిషి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని మందు బిళ్లలు తిన్న పందికొక్కు కొన్ని రోజుల తరువాత ఏ కన్నంలోనో చనిపోయి కంపు కొడుతుంది. దానిని తిన్న కుక్కకు, పిల్లికి, గుడ్లగూబకు కూడా ఆ విషం సోకుతుంది.

ఒక సాయంత్రం కన్నాలన్నింటినీ మట్టితో పూడ్చండి. తెల్లవారేసరికి తెరుచుకున్నవే నివాసమున్న కన్నాలు. వాటి దగ్గర పెద్ద బోను పెట్టి, ఎండుచేప గానీ వేయించిన పల్లీలు గానీ ఎర వేయండి. పందికొక్కు కొత్త వస్తువును అనుమానిస్తుంది కాబట్టి మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టివేసి, తినడం అలవాటయ్యాక బిగించండి. పట్టుకున్న తరువాత ఖాళీ అయిన కన్నాలను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయండి. మురుగుకాలువ బయటికి పోయే చోట ఇనుప జాలీ బిగించకపోతే ఈ శ్రమంతా వృథా అవుతుంది, ఎందుకంటే నగరంలో వాటి అసలు దారి అదే. రాత్రిపూట కుక్క గిన్నెలో అన్నం మిగల్చకండి. ఎలుక జాతి మూత్రం కలిసిన తడినేల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది; వానాకాలంలో ఆ మట్టిలో పనిచేసేటప్పుడు చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి.

ప్రశ్న: చీమలు ఎక్కకుండా కుండీలను నీళ్ల పళ్లేలలో ఉంచాము. ఇప్పుడు దోమలు పెరిగాయి.
– ఒక పాఠకురాలు, అత్తాపూర్

జవాబు: పళ్లేలను తీసివేయండి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అయితే మీ పళ్లేలలో పెరుగుతున్నది చాలావరకు పగటిపూట కుట్టే డెంగ్యూ దోమ. అది శుభ్రమైన కొద్దిపాటి నీటినే కోరుకుంటుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి నీళ్లు నిలిచే ప్రతి పాత్రనూ వారానికొకసారి ఒంపాలి. ఒంపితే మాత్రం చాలదు. గుడ్లు పాత్ర గోడలకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి గనుక పీచుతో రుద్ది కడగాలి. మనీప్లాంటు సీసాలకు కూడా ఇదే వర్తిస్తుంది. చీమలకు మొదటి జవాబులో చెప్పిన గ్రీజు పట్టీ సరిపోతుంది.

ప్రశ్న: కరివేపాకు మొక్కను ఆకుపచ్చని గొంగళిపురుగులు కొరికేస్తున్నాయి. తాకితే ఎర్రని కొమ్ములు బయటపెట్టి వాసన వేస్తున్నాయి. విషపూరితమా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: కాదు. నిమ్మ, కరివేప చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్లలవి. చిన్నప్పుడు పక్షి రెట్టలా కనిపించి, పెరిగాక ఆకుపచ్చగా మారతాయి. ఆ కొమ్ములు శత్రువును బెదిరించడానికే. చెట్టు మీకంటే ఎత్తుగా ఉంటే వదిలివేయండి, మళ్లీ చిగురిస్తుంది. కుండీలోని చిన్న మొక్క అయితే వాటిని ఆకుతో సహా తీసి, దగ్గరలోని పెద్ద నిమ్మచెట్టు మీద పెట్టండి. ఇంట్లో రోజూ కోసుకుని తినే ఆకు మీద రసాయన మందు మాత్రం కొట్టకండి.