వేంపల్లె ఫీల్డుకు వెళ్లే ముందు

అమ్మాయీ,

ఈ డిసెంబరులో జియాలజీ పిల్లల్ని రాళ్లు చూపించడానికి కడప ఫీల్డుకు తీసుకెళ్లే పని నీకు అప్పగించారని చదివి సంతోషించాను. రాళ్ల గురించి నీకు నేను చెప్పేదేం లేదు. రాళ్ల ముందు నిలబడి పాఠం చెప్పడం గురించే ఈ నాలుగు మాటలు.

రెండు వారాల ముందు నువ్వొకసారి వెళ్లి రా. నిరుడు చూసిన రాయి ఈ ఏడు ఉంటుందనుకోకు. రోడ్డు వెడల్పు చేసి మట్టి పోసేస్తారు, చీనీ తోట పెట్టి కంచె వేస్తారు. తోట రైతును కలిసి ఫలానా రోజు వస్తామని చెప్పు. ఇంకో సంగతి. ఆడపిల్లలు ఫీల్డులో పగలంతా నీళ్లు తాగరు. ఎందుకో నీకు తెలుసు, నువ్వూ అలాగే ఎండలో తిరిగావు. మాకెవరికీ అప్పట్లో ఆ ఆలోచనే రాలేదు, అది మా తప్పు. దారిలో ఏ బడి, ఏ ఇల్లు ఒప్పుకుంటుందో ముందే అడిగి, ఏ రోజుకారోజు ప్లానులో రాసుకో.

ఇక రాయి దగ్గర. వేంపల్లెలో బస్సు దిగగానే ‘ఇది స్ట్రోమటోలైట్లున్న డోలమైటు’ అని చెప్పేయకు. అందరూ తలలు వంచి అదే రాసుకుంటారు, రాయి వైపు ఒక్కరూ చూడరు. పదిహేను నిమిషాలు నోరు మెదపకు. అలా ఊరుకోవడం నాకు అలవడటానికి చాలా ఏళ్లు పట్టింది. ఒకసారి ఒక కుర్రాడు ఆ రాతి మీద యాసిడ్ చుక్క వేసి, ‘సార్, పొంగట్లేదు, యాసిడ్ పాడైనట్టుంది’ అన్నాడు. నేనేం అనకుండా చాకు చేతికిచ్చాను. కాసేపు గీకాడు. ఆ తెల్లటి పొడి మీద మళ్లీ చుక్క వేస్తే సన్నగా బుడగలొచ్చాయి. చెవి ఆనించి విన్నాడు. డోలమైటు కాక సున్నపురాయైతే గీకకుండానే బుసబుసా పొంగేదని ఆ తర్వాత వాడే మిగతావాళ్లకు చెప్పాడు. పక్కనున్న అమ్మాయి ‘ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టుంది సార్’ అంది. అప్పుడు చెప్పాను, ఆ స్ట్రోమటోలైట్లు దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట సూక్ష్మజీవులు కట్టిన పొరలని. వాటి మీద మాత్రం సుత్తి పడనివ్వకు.

స్ట్రైక్, డిప్, అంటే రాతి పొర సాగే దిక్కు, దాని వాలు, ఐదుగురు ఐదు రకాలుగా చెబుతారు. సరైనది నువ్వు చెప్పకు. సుత్తి పక్కనే పెట్టుకుని కొలుస్తున్నారేమో చూడు, దిక్సూచి ముల్లు ఇనుము వైపు తిరుగుతుంది. మళ్లీ కొలవమను.

గువ్వలచెరువు ఘాట్లో మలుపుల దగ్గర లారీలతో జాగ్రత్త. రోడ్డుకు ఇటూ అటూ ఒక్కొక్కరిని కాపలా పెట్టు. క్వార్ట్‌జైటు అనే గట్టి రాయిని కొట్టేవాళ్లకు కళ్లద్దాలు లేకుండా సుత్తి ఇవ్వకు. ఒకసారి నేను పట్టించుకోలేదు. పెచ్చు ఎగిరి ఒక కుర్రాడి కనుబొమ్మ చీరింది, నాలుగు కుట్లు పడ్డాయి. కాస్త కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ గువ్వలచెరువునే ‘గుల్చేరు’ అని రాశాడు, ఆ క్వార్ట్‌జైటుకు అదే పేరు నిలిచిపోయింది. కింద గ్రానైటు, పైన గులకరాళ్ల పొర. ఆ రెండూ కలిసేచోట ఒక్కొక్కరినీ పిలిచి, ఒక చెయ్యి దీని మీద, ఒక చెయ్యి దాని మీద పెట్టించు. మధ్యలో ఎన్ని కోట్ల ఏళ్లు జారిపోయాయో అప్పుడు మాట్లాడు. తొందరపడకు, బస్సు ఆగుతుంది.

తిరుగుదారిలో అక్కడే పిల్లలకు పాలకోవా కొనిపెట్టు. పిల్లలు గీసిన మ్యాపుల మీద ఇంకు ఏ రోజుది ఆ రాత్రే వేయించు. మొదటి రాత్రి వేసినవి, తప్పులతో సహా, ఫోటో తీసి నాకు పంపు. చూడాలని ఉంది.

మీ మాస్టారు