ముఖం చివర్న వెయ్యి

చిరంజీవి అమ్మలుకి ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన స్కెచ్‌లు పెద్దవి చేసుకుని నిదానంగా చూశాను. గ్రీకు పురాణాల్లోని ఆడవాళ్ళని, వాళ్ళు పైకి చెప్పుకోని బాధతో కోపంతో కొత్తగా వేస్తానన్నావు. ఆలోచన నాకు బాగా నచ్చింది. ఎగ్జిబిషన్‌కి ఇంకా టైముంది కాబట్టి సంగతి సూటిగా రాస్తున్నాను. నీ గీతలో బలం ఉంది. కానీ నీ బొమ్మల్లో సగం మంది ఏడుస్తున్నారు, మిగతా సగం కత్తి పట్టుకుని మనకేసి కోపంగా చూస్తున్నారు. ఎవరూ ఏమీ దాచుకోలేదు తల్లీ. అంతా ముఖం మీదే ఉంది.

ట్రాయ్ యుద్ధానికి ఓడలు కదలడం కోసం గ్రీకు సేనల రాజు అగమెమ్నాన్ తన కూతురు ఇఫిజెనియానే బలిచ్చాడని కథ. టిమాంథెస్ అనే గ్రీకు చిత్రకారుడు ఆ బలిని బొమ్మగా వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ దుఃఖాన్ని ఒక్కొక్కరిదీ ఒక్కో తీరుగా చూపించి, తండ్రి అగమెమ్నాన్ దగ్గరికి వచ్చేసరికి ముఖం మీద ముసుగు కప్పేశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ బొమ్మ ఇప్పుడు లేదు. అదే సన్నివేశం ఉన్న గోడచిత్రం ఒకటి, పాంపేయి అనే పాత రోమన్ ఊళ్ళోది, ఇటలీలోని నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. అందులోనూ తండ్రి ఒక పక్కన, తల మీద ముసుగుతో, ముఖం చేత్తో మూసుకుని నిలబడతాడు. మన సాలార్‌జంగ్‌లో వేల్డ్ రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు నువ్వు చిన్నప్పుడు ఎంతసేపు నిలబడేదానివో గుర్తుందా? అక్కడ మేలిముసుగులోంచి ముఖం కనిపించడమే గొప్ప. ఇక్కడ కనిపించకపోవడం గొప్ప. చూసేవాళ్ళు ఆ ముఖాన్ని తమ మనసులో తామే వేసుకుంటారు.

అయితే ఆ ముసుగు తండ్రికి దక్కింది. తల్లి సంగతేమిటి? గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ నాటకంలో ఆ తల్లి క్లైటెమ్‌నెస్ట్రా కూతుర్ని వెంటబెట్టుకుని ఆలిస్ రేవుకి వచ్చింది పెళ్ళి చెయ్యడానికి. అకిలీస్ అనే వీరుడితో పెళ్ళని కబురంపి రప్పించారు. ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కోలియర్ 1882లో ఆమెని గొడ్డలితో, భర్తని చంపేసిన తర్వాత నిలబెట్టి వేశాడు. నువ్వూ అక్కడే మొదలుపెట్టావు. ఆలిస్‌కీ ఆ గొడ్డలికీ మధ్య పదేళ్ళ యుద్ధం ఉంది. ఆ పదేళ్ళూ ఆమె ఇంట్లోనే ఉంది, రాజ్యం చూసుకుంది, నలుగురితో మాట్లాడింది. కూతురి పెళ్ళిబట్టలు మడతపెట్టి పెట్టెలో పెడుతున్న క్లైటెమ్‌నెస్ట్రాని నేనెక్కడా చూడలేదు. పురాణంలో లేని దృశ్యమే, కానీ పురాణం ఒప్పుకునే దృశ్యం. అలాంటివి వెతుకు. కొత్తగా ఊహించడమంటే ఆమె చేతికి ఆయుధం ఇవ్వడం ఒక్కటే కాదు.

మొగుడి మీద కోపంతో కన్నపిల్లల్నే చంపిన మెడియాని కత్తెత్తి వేశావు. హెర్కులేనియంలో దొరికిన మెడియా గోడచిత్రం కూడా నేపుల్స్‌లోనే ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై పూడ్చేసిన ఊరది. అందులో ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. చేతుల్లో కత్తి ఉంది గానీ వేళ్ళు ఒకదానిలో ఒకటి జొనిపి బిగించుకుంది. చూపు పక్కకి. ఆ వేళ్ళని ఎంతసేపైనా చూడు. చంపాలన్న చెయ్యీ, వద్దన్న చెయ్యీ రెండూ అక్కడే పెనుగులాడుతున్నాయి. పాంపేయిలో దొరికిన ఇంకో చిత్రంలో పిల్లలిద్దరూ పక్కనే ఎముక గచ్చకాయలతో ఆడుకుంటుంటారు, మన అచ్చనగిల్లాల్లాగే. తల్లి చూస్తూ ఉంటుంది. యూరిపిడీస్ ఆమె మీద రాసిన క్రీ.పూ. 431 నాటి నాటకంలో కూడా హత్య రంగస్థలం మీద జరగదు, పిల్లల కేకలు లోపలినుంచి వినిపిస్తాయంతే. జరగబోయే క్షణానికి ముందు ఆగు. నీ మెడియా ఇంకా వెనక్కి తగ్గగలదు అనిపించాలి.

ఇక పెనెలొపీ, ట్రాయ్ యుద్ధానికి వెళ్ళిన మొగుడు ఒడిస్సియస్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఆవిడ. నువ్వు వేసింది మన గుంటమగ్గం. గ్రీకు మగ్గం అలా ఉండదు. అది నిలువుగా ఉంటుంది. పడుగు దారాలు పై దూలం నుంచి వేలాడతాయి, బిగువు కోసం కింద మట్టి బరువులు కడతారు. పైనుంచి కిందకి నేస్తూ, పేకని పైకి తడతారు. నేసే మనిషి నిలబడి ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తుంది. ఇది తెలిస్తే బొమ్మే మారిపోతుంది. చేతులు పైకి లేస్తాయి, భుజాలు నొప్పెడతాయి, దారాల వెనక మనిషి సగం కనిపిస్తుంది. ఇటలీలోని క్యూసిలో క్రీ.పూ. 440 ప్రాంతపు మట్టిపాత్ర ఒకటి ఉంది. దాని మీద పెనెలొపీ మగ్గం ముందు తల వాల్చి, చేతికి ఆనించి కూర్చుంది, ఎదురుగా కొడుకు. ఆ కూర్చోవడంలో ఉన్న అలసటని గమనించు.

మళ్ళీ పెళ్ళాడమని వెంటపడినవాళ్ళతో, మామగారి శవం మీద కప్పే వస్త్రం నేయడం అయ్యాకే అని చెప్పి పగలు నేసింది, రాత్రి దివిటీ వెలుగులో విప్పింది. మూడేళ్ళు. విప్పుతున్నప్పుడు ఆమెలో ఉన్నది మొగుడి కోసం ఎదురుచూపేనా? పొద్దంతా తన చేత్తో చేసిన మంచి పనిని తనే చెడగొట్టుకుంటుంటే ఒక నేతగత్తెకి కలిగే నొప్పి వేరు. నువ్వు రంగులు పట్టినదానివి, ఆ నొప్పి నీకు చెప్పక్కర్లేదు. పతివ్రత పెనెలొపీని చాలామంది వేశారు. పనిమంతురాలు పెనెలొపీని నువ్వు వెయ్యి. ధైర్యం ఉంటే ఆమె ఇంటి దాసీలనీ చూడు. ఆమె కథ ఉన్న హోమర్ కావ్యం ఒడిస్సీ ఇరవై రెండో సర్గలో పన్నెండు మందిని ఉరితీస్తారు. వాళ్ళ కాళ్ళు కొంచెంసేపు కొట్టుకున్నాయని చెప్పి హోమర్ ముందుకి వెళ్ళిపోతాడు.

జుట్టు బదులు పాములుండే, చూసినవాళ్ళని రాయిగా మార్చే మెడూసా విషయంలో ముందు ఎవరి మెడూసా కావాలో తేల్చుకో. పాత గ్రీకు కవి హేసియడ్ చెప్పిన మెడూసా పుట్టుకతోనే గోర్గన్ అనే రాక్షసి, ముగ్గురక్కచెల్లెళ్ళలో చావున్నది ఆమె ఒక్కతికే. గుడిలో సముద్రదేవుడు చెరిస్తే శిక్ష తనకి పడిన మెడూసా రోమన్ కవి ఓవిడ్‌ది, కొన్ని వందల ఏళ్ళ తర్వాతది. రెండూ కలిపేస్తే కథ తెలిసినవాళ్ళకి బొమ్మ తేలిపోతుంది. కథలో ఆమె తల నరికిన వీరుడు పెర్సియస్. అతని తలనే చేత్తో పట్టుకుని నిలబడిన మెడూసా విగ్రహాన్ని శిల్పి లూచానో గర్బాతి 2008లో చేశాడు. 2020లో దాన్ని న్యూయార్క్‌లో కోర్టు ఎదుట నిలబెట్టినప్పుడు చాలామంది మెచ్చుకున్నారు, ఆమెని చెరిచింది పెర్సియస్ కాదు కదా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాకైతే అదే న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలోని గ్రీకు మట్టిపాత్ర మీది మెడూసా ఇష్టం. క్రీ.పూ. ఐదో శతాబ్దం నడిమిది. మామూలు అమ్మాయిలా నిద్రపోతోంది, పెర్సియస్ ముఖం తిప్పుకుని కత్తి పెడుతున్నాడు. పాములూ లేవు, కోరలూ లేవు.

కసాండ్రా, నిజమైన జోస్యం చెప్పినా ఎవరూ నమ్మని ట్రాయ్ రాకుమారి. ఆమెని జుట్టు పీక్కుంటున్నట్టు వెయ్యడం మానెయ్యి. ఇంకో గ్రీకు నాటకకర్త ఇస్కిలస్ నాటకంలో, అగమెమ్నాన్ బందీగా తెచ్చిన ఆమె బండి మీద చాలాసేపు నోరు మెదపకుండా ఉంటుంది. రాణి క్లైటెమ్‌నెస్ట్రా లోపలికి రమ్మన్నా పలకదు. పరభాష మనిషేమో అనుకుంటారు. ఆ మౌనం వెయ్యి.

పని సంగతి. ముఖం చివర్న వెయ్యి. ముందు చేతులు, మెడ, భుజాలు, పాదాలు. వాటిలో సంగతి రాకపోతే ముఖం ఎంత దిద్దినా రాదు. ఏథెన్స్ మ్యూజియంలో హెగెసో అనే ఆవిడ సమాధి రాయి ఉంది. పెట్టెలోంచి తీసిన నగని చూసుకుంటూ ఉంటుంది. నగని రాతిలో చెక్కలేదు, రంగుతో వేశారు. రంగు పోయింది. ఇప్పుడు ఖాళీ వేళ్ళకేసి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ ఫొటో సంపాదించి నీ గోడకి అంటించుకో.

మోడల్‌గా కూర్చున్నవాళ్ళని బాధపడమని అడగకు, ఏదో ఒక పని చేతికివ్వు. దారం విప్పమను, బట్ట మడతపెట్టమను. వాళ్ళు నిన్ను మర్చిపోయాక గీయడం మొదలుపెట్టు. గ్రీకు అనగానే తెల్ల పాలరాయి వెయ్యకు. ఆ విగ్రహాలకి ఒకప్పుడు ఎరుపు, నీలం, పసుపు రంగులుండేవి. బొమ్మ కింద కథంతా రాయకు, పేరొక్కటి చాలు.

పెనెలొపీ, మెడియా ఈ ఇద్దర్నే ముందు పట్టుకో. రంగు జోలికి పోకుండా బొగ్గుతో గీసి, ముఖాలు ఖాళీగా వదిలేసి నాకు పంపు. ఎవరు ఎవరో పోల్చుకోగలిగితే అప్పుడు కాన్వాస్ బిగిద్దువుగాని.

నీ పెద్దమ్మ