ముందు రెండోసారి విత్తడానికి గింజలున్నాయా చెప్పండి

"వానలు నమ్మలేని మెట్ట ప్రాంతాల్లో చిన్న రైతుకు ఏం సాయం చేస్తే నిలబడతాడు?" అని అడిగారు. మాది అనంతపురం జిల్లా (2022లో జిల్లాను విడదీశాక మా వైపును శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు, మా నోటికి ఇంకా అనంతపురమే). నాలుగెకరాల ఎర్రనేల. బోర్లు రెండు వేశాం, రెండూ దుమ్మే. నన్నడిగితే ఒకటే మాట: రెండోసారి విత్తుకోవడానికి ఇంట్లో గింజలుండాలి. మిగతావన్నీ తర్వాత.

నేను ఇంటర్ చదివే ఏడు జూన్ ఆఖర్లో వాన పడి నేల విత్తడానికి పదునైంది. ఊరంతా సెనక్కాయ (వేరుశెనగ) వేసింది, మేమూ వేశాం. ఎకరాకు 60 కిలోల గింజలు పడతాయి, నాలుగెకరాలకు మీరే లెక్కేసుకోండి. వాటి కోసమే అమ్మ కమ్మలు కుదువకు పోయాయి. మొలక బాగా వచ్చింది, పూత పూసింది. పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టాల్సిన వేళకు వాన మొహం చాటేసింది. నలభై రోజులు. నేల బండలా బిగుసుకుపోయి ఊడ లోపలికి పోలేదు. సాయంత్రమైతే నాయన గట్టు మీద కూర్చుని ఒక చెట్టు పీకి చూసేవాడు. చూసి, మళ్లీ ఆ గుంతలోనే పెట్టి మన్ను కప్పేవాడు.

ఆగస్టు చివర్లో ఒక రాత్రి కుండపోత. సెనక్కాయకు ఇక అక్కరకు రాని వాన, ఉలవలకు మాత్రం మంచి పదును. ఉలవలెక్కడ? ఊళ్లో ఎవరినడిగినా లేవన్నారు. ప్రత్యామ్నాయ విత్తనాలు ఇస్తామంటే ఆధార్, పాసుపుస్తకం జిరాక్సులు పట్టుకుని నాయన రెండు దినాలు వరుసలో నిలబడ్డాడు. ఈలోగా అమ్మ, అవ్వ రెండెకరాల చెట్లు పీకి కట్టె (పశువుల మేత) వామేశారు. మూడో రాత్రి అన్నం తింటుంటే అవ్వ అంది:

"ఒరేయ్, అటక మీద ఉలవలుండాయి."

"అవి ఆవుకు పెట్టుకున్నేవి గదమ్మా."

"ఆవు యాడికి పోతాది? పదును ఉంటాదా?"

కుండలో బూడిద కలిపి దాచినవి, ఇరవై కిలోలకు కాస్త తక్కువ. తెల్లారకముందే గుంటక తోలి, గొర్రు కట్టి విత్తేశాం. సర్కారు సంచులు పదకొండో రోజు దిగాయి, అప్పటికి నేల మళ్లీ పెంకు కట్టింది. ఆ ఏడు మేం అమ్ముకున్న పంట ఆ ఉలవలే. కమ్మలు ఇంటికి రావడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది.

అందుకే అంటున్నా. సెనక్కాయ ఒకసారి ఎండితే మళ్లీ అన్ని గింజలు కొనే దమ్ము చిన్న రైతుకు ఉండదు. కొర్రలకు ఎకరాకు రెండు కిలోలు చాలు, మూడు నెలల్లో పంట, ఎండిపోయినా మళ్లీ చల్లుకోవచ్చు. ఊరికొక గింజల గాదె పెట్టి ఉలవలు, కొర్రలు, సజ్జలు, అలసందలు నింపండి. తాళం మాత్రం ఊళ్లోని ఆడవాళ్ల చేతికివ్వండి, ఆఫీసుకు కాదు.

"రానున్న 48 గంటల్లో వర్షం" అని ఫోన్‌కు మెసేజీలు వస్తాయి. వానొస్తుందని తెలిసి ఏం చేసుకోవాలి, చేతిలో గింజ లేనప్పుడు? నవధాన్యాలకు మట్టి, బూడిద పట్టించి వానకు ముందే ఎండు దుక్కిలో చల్లే పద్ధతి ఒకటి ప్రకృతి సేద్యం వాళ్లు తెచ్చారు. మా చిన్నాయన చేలో చూశా, అది మంచి పని. అక్కడా మొదట కావాల్సింది గింజే.

ఇంకో కడుపుమంట. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా ఊరేగించారు. కేంద్రం మద్దతు ధర జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు. ఇక ఎవడు వేస్తాడు?

నాయన ఇప్పటికీ రెండెకరాలు సెనక్కాయే పెడతాడు. వద్దంటే, "కొర్రలు ఎవురు కొంటారు? నువ్వు కొంటావా?" అంటాడు. బెంగళూరులో నేను కొనుక్కుని తింటున్నది అవే. కిలో ఎంతో మాత్రం ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.