పదును వచ్చింది, ముక్కు పోయింది: కత్తి పాడైతే సానపట్టినవారు బాధ్యులా?

ప్రశ్న: నేను డబ్బు తీసుకుని కత్తులు, కత్తెరలు సానపడతాను. నేలకు వినైల్ షీట్లు పరిచే ఒకాయన తన మడత కత్తి ఇచ్చారు. డేగ ముక్కులా కిందికి వంగి ఉండే రకం, హాక్‌బిల్ అంటారు. మామూలు కత్తుల్లాగే దాన్నీ బల్లపరుపు సానరాయి మీద నూరాను. బాగా మొండిబారిన చోట కరెంటు చక్రం మీద పెట్టాను. కాగితం పెడితే జర్రున కోస్తోంది. ఆయన మాత్రం మొన గుండ్రబడిందని, వంపు తగ్గిపోయి షీటు మీద పట్టు దొరకడం లేదని గొడవ చేసి మజూరీ ఇవ్వలేదు. డబ్బు ఇచ్చేదాకా కత్తి ఇవ్వనన్నాను. ఇప్పుడు కొత్త కత్తి ఖరీదు, రెండు రోజుల పని నష్టం కలిపి 15 రోజుల్లో కట్టాలని లాయరు నోటీసు వచ్చింది. పైగా అలాంటి కత్తి దగ్గర ఉంచుకోవడమే ఆయుధాల చట్టం కింద నేరమని నా స్నేహితుడు అంటున్నాడు. నేను డబ్బు కట్టాలా? కత్తి నా దగ్గర ఉంచుకోవచ్చా?

జవాబు: ముందు ఆ కత్తి ఆయనకు ఇచ్చేయండి. ఎలా ఇవ్వాలో చివర్లో చెబుతాను. ఎందుకివ్వాలో చెప్పాలంటే మాత్రం సానరాయి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

‘కాగితం పెడితే జర్రున కోస్తోంది’ అన్న మాట మీకు అనుకూలమని మీరు అనుకుంటున్నారు. అవతలి లాయరు దాన్నే మీ మీదికి తిప్పుతారు. ఆయన కాగితం కోయడానికి కత్తి ఇవ్వలేదు కదా. హాక్‌బిల్ పనంతా లాగి కోయడంలో ఉంటుంది. మొన షీటులో దిగుతుంది, లోపలి వంపు షీటును పట్టి ఉంచుతుంది, చెయ్యి వెనక్కి లాగుతుంటే అది జారిపోకుండా తెగుతుంది. షీట్లు, తివాచీలు, తాళ్లు, కరెంటు తీగల తొడుగులు కోసేవాళ్లు ఈ కత్తిని కోరి కొనుక్కునేది ఆ వంపు కోసమే. వంపు పోతే మిగిలేది పదునున్న మరో మామూలు కత్తి.

సానపట్టే పని నాకు చేతకాదు. అందుకే ఈ జవాబు రాసేముందు ఆ పని తెలిసినవారిని అడిగాను. వాళ్లు చెప్పింది వింటుంటే ఆ నోటీసులోని ఆరోపణ కళ్లకు కట్టినట్టయింది. లోపలికి వంగిన వాదరను చదునైన రాయి మీద ఆనిస్తే రాయికి తగిలేవి రెండే చోట్లు. ఒకటి మొన, రెండోది పిడి దగ్గరి మడమ. మధ్య భాగం గాల్లో ఉంటుంది. ఆ మధ్య భాగానికి పదును వచ్చేదాకా రుద్దారంటే, అంతసేపూ ఆ రెండు కొసలు అరిగినట్టే. మొన పొట్టిదవుతుంది, వంపు చదునవుతుంది. సరిగ్గా ఆయన ఫిర్యాదూ అదే.

ఇలాంటి కత్తికి గుండ్రటి కడ్డీ వాడాలట. సెరామిక్‌దో, వజ్రపు పొడి పూత ఉన్నదో, ఏదీ లేకపోతే గుండ్రటి కర్రకు చుట్టిన గరుకు కాగితమో. కడ్డీ కత్తి వంపులో ఇమిడేంత సన్నగా ఉండాలి, అప్పుడే వాదర పొడవునా ఆనుతుంది. వాదర వాలు మీద, అంటే పదును కోసం ఏటవాలుగా నూరిన అంచు మీద, మార్కర్‌తో గీసి, రెండు మూడు సార్లు కడ్డీ నడిపి, రంగు ఎక్కడ చెరిగిందో చూసుకుంటే కోణం కుదిరిందో లేదో తెలుస్తుంది. మడమ నుంచి మొనదాకా వచ్చి, కడ్డీ మొన మీద నుంచి జారిపోకముందే ఆపాలి. లేకపోతే మొన గుండ్రబడుతుంది. కొన్ని కత్తులకు వాలు ఒక పక్కనే ఉంటుంది. వాటిని రెండు పక్కలా నూరితే కత్తి స్వభావమే మారిపోతుంది. ఇక కరెంటు చక్రం సంగతి. మొన సన్నగా ఉంటుంది కనుక అదే ముందు వేడెక్కుతుంది. మామూలు కార్బన్ ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే నీలి రంగు తేలుతుంది, గట్టిదనం తగ్గుతుంది, ఆపైన ఎంత పదును పెట్టినా నిలవదు. కత్తి మొన దగ్గర నీలి మచ్చ ఉందేమో ఇప్పుడే వెలుతురులో చూసుకోండి. ఉంటే, రేపు మీమీద సాక్ష్యం చెప్పేది అదే.

లాయరునైన నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ బాధ్యత ఈ వివరాల మీదే తేలుతుంది. సానపట్టడానికి కత్తి తీసుకోవడం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ ప్రకారం బెయిల్‌మెంట్. అంటే ఒక పని కోసం వస్తువు అప్పగించడం, పని అయ్యాక తిరిగి తీసుకోవడం. తీసుకున్నవారు తన సొంత వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలని 151వ సెక్షన్ అంటుంది. అంత జాగ్రత్త చూపినా వస్తువు పాడైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, బాధ్యత లేదని 152వ సెక్షన్ అంటుంది. చాలామంది ఈ 152 దగ్గరే ఊపిరి పీల్చుకుంటారు. చిక్కేమిటంటే, వస్తువు మీ చేతిలో ఉండగా పాడైనప్పుడు జాగ్రత్త తీసుకున్నానని చూపాల్సింది మీరే. ఏ రాయి వాడారో, చక్రం ఎంతసేపు తిప్పారో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఒకరికి మాత్రమే తెలిసిన సంగతిని రుజువు చేసే భారం వారిదేనని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 109వ సెక్షన్ కూడా చెబుతోంది. పాత సాక్ష్య చట్టంలో ఇదే 106.

ఇంకో మాట. డబ్బు తీసుకుని ఒక పని ఒప్పుకున్నవారికి ఆ పని చేతనవునని ఎదుటివారు నమ్ముతారు, కోర్టూ అలాగే చూస్తుంది. ‘ఈ రకం కత్తి నాకు కొత్త, మామూలు రాయి మీదే నూరతాను, వంపు మారొచ్చు, సరేనా’ అని మీరు ముందే అని, ఆయన సరేనని ఉంటే కథ వేరు. ఫోన్ సందేశంలో ఆ మాట ఎక్కడైనా ఉందా? ఉంటే భద్రంగా దాచండి, ఈ కేసులో మీకు అంతకు మించిన ఆసరా లేదు. లేకపోతే మీరు రాసినదాన్ని బట్టి మీది బలహీనమైన పక్షమే. తీపి మాటలు చెప్పి మిమ్మల్ని కోర్టు మెట్లెక్కించడం నాకిష్టం లేదు.

మీ వైపు వెతకాల్సింది ఒకటుంది. వస్తువులో తనకు తెలిసిన లోపాన్ని ఇచ్చేవారు చెప్పాలని, చెప్పకపోతే దానివల్ల తీసుకున్నవారికి నేరుగా కలిగే నష్టానికి బాధ్యులని కాంట్రాక్టు చట్టం 150వ సెక్షన్ అంటుంది. అది మీకు కలిగే నష్టానికి సంబంధించిన సెక్షనే తప్ప ఆయన నష్టానికి కాదు, నిజమే. కానీ ఆ కత్తి మొన అంతకుముందే విరిగి ఉందా, ఎవరైనా ఒకసారి నూరి వంపు చెడగొట్టి ఇచ్చారా అన్న సంగతి తేలితే, మొత్తం నష్టం మీ తలకెత్తడం కుదరదు. తీసుకునేటప్పుడు ఫొటో తీశారా? తీయకపోతే ఇకమీదటైనా తీయండి. కత్తి చేతికి రాగానే రెండు పక్కలా ఒక్కో ఫొటో, అంతే.

ఎంత కట్టాలి అన్నది వేరే లెక్క. అక్కడ నోటీసు కాస్త ఎక్కువే అడిగింది. ఒప్పందం తప్పినప్పుడు ఆ తప్పు నుంచి సహజంగా వచ్చే నష్టం, లేదా ఒప్పందం వేళ ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే ఇప్పించాలని, దూరపు నష్టం ఇప్పించకూడదని అదే చట్టం 73వ సెక్షన్ అంటుంది. దీని వెనుక 1854 నాటి ఒక ఇంగ్లీషు తీర్పు ఉంది, హ్యాడ్లీ వర్సెస్ బ్యాక్సెండేల్. మిల్లు ఇరుసు విరిగితే, నమూనాగా పంపడానికి దాన్ని రవాణావాళ్లకు ఇచ్చారు. వాళ్లు ఆలస్యం చేశారు, మిల్లు ఆగిపోయింది. ఇరుసు లేకపోతే మిల్లే ఆగుతుందని రవాణావాళ్లకు తెలిసే పరిస్థితి లేదు కనుక మిల్లు ఆగి పోయిన లాభాన్ని ఇప్పించలేమని కోర్టు అంది. మీ సంగతి కూడా అంతే. తన దగ్గర ఆ ఒక్క కత్తే ఉందని, రేపటి పని దానిమీదే ఆధారపడి ఉందని ఆయన మీకు చెప్పారా? చెప్పకపోతే రెండు రోజుల పని నష్టం నిలబడడం కష్టం. పైగా, నష్టం తగ్గించుకునే మార్గం ఏముందో కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే సెక్షన్ వివరణలో ఉంది. ఇంకో కత్తితో పని చేసుకోవచ్చు కదా అని అడగవచ్చు.

అలాగే వాడిన కత్తికి కొత్త కత్తి ఖరీదు నేరుగా రాదు. పాడవకముందు దాని విలువ ఎంత, ఇప్పుడు ఎంత, లేదా బాగుచేయడానికి ఎంత అన్నది ప్రశ్న. ఉక్కు గట్టిదనం పోకుండా ఉంటే, చేయి తిరిగినవారు ముక్కును మళ్లీ రూపుదిద్దగలరు, కాకపోతే కొంత ఉక్కు అరుగుతుంది. ఆ ఖర్చు మీరు పెట్టుకుంటానని రాయడం, నా మటుకు నాకు, మీరు వేయగల అన్నిటికన్నా తెలివైన ఎత్తు.

ఇప్పుడు కత్తి అట్టిపెట్టుకోవడం గురించి. మీకు ఎవరో కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెప్పినట్టున్నారు. శ్రమ, నైపుణ్యం పెట్టి వస్తువుకు పనిచేసినవారు తమ డబ్బు వచ్చేదాకా ఆ వస్తువును ఆపుకోవచ్చు అన్నది నిజమే. సానపట్టించడానికి వజ్రం తీసుకున్న నగల పనివాడి ఉదాహరణ చట్టంలోనే ఉంది, మీ వృత్తికి దగ్గరి చుట్టం. కానీ ఆ సెక్షన్ మొదట్లోనే ఒక షరతు ఉంది: అప్పగించిన ఉద్దేశానికి తగ్గట్టు పనిచేసి ఉండాలి. ఉద్దేశం ఆ ముక్కు పనిచేయడం. అది చెడితే ఆపుకునే హక్కూ చెడుతుంది. హక్కు లేకుండా ఆపుకుంటే, సకాలంలో ఇవ్వకపోవడం వల్ల ఆ క్షణం నుంచి వస్తువుకు ఏం జరిగినా 161వ సెక్షన్ కింద మీదే బాధ్యత. అందుకే మొదటి వాక్యంలోనే ఇచ్చేయమన్నాను. చిన్న మజూరీ కోసం పెద్ద బాధ్యత నెత్తినెత్తుకోవద్దు.

నోటీసుకు జవాబివ్వకపోతే ఆయన ఎక్కువగా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తారు. డబ్బు తీసుకుని చేసిన పని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ‘సేవ’, పని నాణ్యతలో లోపం ఆ చట్టంలో ‘లోపం’ నిర్వచనంలోకే వస్తుంది. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరూ అక్కర్లేదు, 2 సంవత్సరాల గడువు ఉంది. ఆయనకు పోయేదేమీ లేదన్నమాట. కత్తిని తన వృత్తిలో వాడుతున్నారు కనుక ఆయన వినియోగదారుడే కాదని వాదించవచ్చు, కానీ సొంత చేతులతో బతుకుదెరువు వెతుక్కునే మనిషి మీద ఆ వాదన నాకు అంత రుచించదు. మీరూ దానిమీద ఆశ పెట్టుకోకండి. కేసు వెళ్లినా, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే కమిషనే మధ్యవర్తిత్వానికి పంపగలదు.

మీ స్నేహితుడి భయం మాత్రం చాలావరకు అనవసరం. 1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో ఆయుధమంటే దాడికో రక్షణకో ఆయుధంగా రూపొందించిన, లేదా అలా మార్చిన వస్తువు. ఆయుధాల నియమాలు 2016లోని 5వ కేటగిరీలో కత్తులు ఉన్నాయి. కానీ అక్కడ చెప్పింది వాదర 9 అంగుళాలకన్నా పొడవో, 2 అంగుళాలకన్నా వెడల్పో ఉన్నవి. వాటిలోనూ ఇంటిపని, వ్యవసాయం, శాస్త్ర, పారిశ్రామిక అవసరాల కోసం రూపొందించినవి మినహాయింపు. షీట్లు కోసే జేబు కత్తి దీనికి చాలా దూరం. అయితే ప్రభుత్వాలు కొన్ని చోట్ల ప్రత్యేక నోటిఫికేషన్లు ఇస్తాయి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ మీట నొక్కితే తెరుచుకునే కత్తుల విషయంలో 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు అనే చిన్న కొలతలు పెట్టింది. కాబట్టి మీట కత్తి గానీ, వేలు దూర్చే ఉంగరంతో పోరాటం కోసమే చేసిన కరాంబిట్ లాంటిది గానీ సానకు వస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. చూడటానికి అదీ వంపు కత్తే.

ఇక చేయాల్సింది. కత్తిని తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, రెండు పక్కలా, మొన దగ్గరగా ఫొటోలు తీయండి. అదే మోడల్ కొత్త కత్తి బొమ్మ దొరికితే దాంతో పోల్చి ఉంచండి. కత్తి అప్పగించేటప్పుడు ‘నా హక్కులకు భంగం లేకుండా తిరిగి ఇస్తున్నాను’ అని రాసి, ఆయన సంతకం, తేదీ తీసుకోండి. తర్వాత నోటీసుకు జవాబు స్పీడ్ పోస్టులో పంపండి. అందులో మూడు మాటలు చాలు: మజూరీ అడగడం లేదు, ముక్కు బాగుచేయించే ఖర్చు భరిస్తాను, కొత్త కత్తి ఖరీదు, పని నష్టం ఒప్పుకోను. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఒక్క వాక్యం కూడా రాయకండి, రాజీ కోసం ఇస్తున్నానని మాత్రం రాయండి. ఆ జవాబు ఒకసారి మీ దగ్గరి లాయరుకు చూపించి పంపితే మంచిది. బాగుచేసే పని మాత్రం మీ చక్రం మీద మళ్లీ పెట్టకండి.